జన్‌స్కార్ నదిలో కయాకా, రాఫ్టా?

లద్దాఖ్ వెళ్లి జన్‌స్కార్‌లో దిగాలనుకునేవాళ్లు కయాక్ (ఒక్కరే కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ) మేలా, రాఫ్ట్ (పలువురు ఎక్కే, గాలి నింపిన రబ్బరు పడవ) మేలా అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "మీకు రోల్ వచ్చా?" కయాక్ తలకిందులైనప్పుడు బయటికి రాకుండా, తెడ్డును నీళ్లలో ఆనించి, నడుము విదిలించి మళ్లీ పైకి లేవడమే రోల్. ఈ నదిలో మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

పదుమ్ దగ్గర రెండు ఏర్లు కలిసి జన్‌స్కార్ అవుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పారి, నిమ్ము దగ్గర సింధులో కలుస్తుంది. మధ్యలో చాలా దూరం నిట్టనిలువు కొండగోడల మధ్యే ప్రయాణం. చలికాలంలో గడ్డకట్టిన ఇదే నది మీద చాదర్ ట్రెక్ చేస్తారు. జూలై, ఆగస్టుల్లో మంచు కరిగి నది నిండుగా పారుతుంది. నడివేసవిలోనూ ఆ నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి.

మన కృష్ణలో పుట్టి ఎక్కినవాళ్లకు రాఫ్ట్ మరీ కొత్తగా అనిపించదు. నీళ్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. కయాక్‌లో మాత్రం నీళ్లలోనే కూర్చున్నట్టు ఉంటుంది. నది తోసే ప్రతి తోపూ తుంటికి తెలుస్తుంది. బండ వెనక నీరు వెనక్కి తిరిగే చోటును ఎడ్డీ అంటారు. చుట్టూ నది ఉరుకుతుంటే అందులోకి మలుపు తిప్పి ఒక్కడివే ఆగి, గోడల రంగులు చూస్తూ ఊపిరి పీల్చుకోవచ్చు. రాఫ్ట్‌లో ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తెడ్డు వేయాలో గైడ్ చెబుతాడు. నది మీద ఇష్టంతో వెళ్లేవాళ్లకు కయాక్ ఇచ్చేది రాఫ్ట్ ఇవ్వలేదు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

అయినా చాలామందికి రాఫ్టే మేలంటాను. నేను రోల్ నేర్చుకున్నది రిషికేశ్‌లో. అక్కడ పదిసార్లు బోల్తాపడితే తొమ్మిదిసార్లు లేచేవాణ్ని. ఆ ధైర్యంతో వెళ్లి జన్‌స్కార్‌లో మొదటిరోజే తిరగబడ్డాను. చలికి నుదురు పగిలినట్టయింది. మూడు వేల మీటర్లకు పైన గాలి పలచన, పైగా మునిగే ముందు గుండె నిండా ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. గంగలో అయితే మూడో ప్రయత్నానికి కూడా ఓపిక ఉండేది. ఇక్కడ రెండోదానికే టెన్షన్ పట్టుకుంది. కయాక్‌లోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ బిగించే స్కర్ట్‌ను లాగేసి బయటపడ్డాను. వెనక వస్తున్న రాఫ్ట్‌లోవాళ్లు లైఫ్‌జాకెట్ భుజాలు పట్టి పైకి లాగారు. గోడల మధ్య ఒడ్డే లేని చోట అది జరిగింది. ఆ రాఫ్ట్ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించుకోలేను.

అందుకే ఎప్పుడూ తెడ్డు పట్టనివాళ్లు చిలింగ్ నుంచి నిమ్ము దాకా ఒక్కరోజు రాఫ్ట్‌లో వెళ్లండి. చివర్లో సింధు, జన్‌స్కార్ నీళ్లు రెండు రంగుల్లో పక్కపక్కన పారడం నీటిమట్టం నుంచే చూస్తారు. రోల్ బాగా వచ్చినవాళ్లు పదుమ్ వైపు నుంచి కయాక్‌లో రావచ్చు. కానీ గుడారాలు, సరుకులు మోసే రాఫ్ట్ వెంట ఉండాల్సిందే. గాలి నింపే కయాక్, అంటే డకీ, మధ్యే మార్గంలా కనిపిస్తుంది. అందులో రోల్ అక్కర్లేదు, పడితే మళ్లీ ఎక్కడమే. ఎండ కాసే గంగలో బాగుంటుంది కానీ ఇంత చల్లటి నీళ్లలో మాటిమాటికీ పడటానికి నేను ఒప్పుకోను.

2024 మార్చిలో ఈ నది లోయ మీదుగా హిమాచల్‌లోని దార్చా దాకా వెళ్లే నిమ్ము-పదుమ్-దార్చా రోడ్డు కలిసింది. రోడ్డు ఉంది కదా, కయాక్‌కి రాఫ్ట్ తోడెందుకు అనేవాళ్లున్నారు. రోడ్డు పైన ఉంటుంది, పడినవాడు కింద నీళ్లలో ఉంటాడు. గోడ ఎక్కి రోడ్డు చేరగలిగే చోట్లు అన్నిచోట్లా ఉండవు.

వర్షాకాలంలో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు. జన్‌స్కార్ సీజన్ సరిగ్గా అప్పుడే. కాబట్టి కయాకే కావాలనుకుంటే అక్టోబరులో గంగలో నేర్చుకోవడం మొదలుపెట్టండి. వేసవి దాకా కుడివైపూ ఎడమవైపూ రోల్ సాధన చేయండి. జూలైలో లేహ్‌కి విమానంలో దిగినవాళ్లు రెండు మూడు రోజులు ఒళ్లు అలవాటుపడనిచ్చి, ఆ తర్వాతే నది దగ్గరికి వెళ్లండి.