రాత్రి ఎనిమిదింటి క్లాసా, తెల్లవారుజాము పుస్తకమా? ఉద్యోగం చేస్తూ ఎంబీఏకి ఏది మేలు

మా ఇంట్లో రెండు ఎంబీఏలు ఇంచుమించు ఒకేసారి నడిచాయి. నాది విజయవాడలో, ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య. తమ్ముడిది హైదరాబాద్‌లో, ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ కోర్సు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇద్దరికీ పిల్లలున్నారు. వాడికి రెండేళ్లలో అయిపోయింది, నాకు మూడున్నరేళ్లు పట్టింది. ఇప్పుడు మరదలు చదువుతానంటోంది. "వదినా, మీ ఇద్దరిలో ఎవరి దారి మేలు?" అని అడిగింది. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చెల్లుబాటు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరి మొదటి భయం అదే. దూరవిద్య అయినా ఆన్‌లైన్ అయినా, యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న యూనివర్సిటీ గుర్తింపు ఉన్న కోర్సుకి ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం. 2022లో యూజీసీ ఈ మాట మళ్లీ స్పష్టంగా చెప్పింది. యూనివర్సిటీ పేరు పెద్దదని ఊరుకోకూడదు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, మీరు చేరబోయే ఆ విద్యా సంవత్సరం, మూడూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. 2024లో పది రోజుల ఎంబీఏ అంటూ ప్రకటనలొస్తే, అలాంటివి డిగ్రీలు కావని యూజీసీయే హెచ్చరించాల్సి వచ్చింది. "మా సెంటర్లో చేరండి, అన్నీ మేం చూసుకుంటాం" అనేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

డబ్బు లెక్క కూడా తేలికే. ఇగ్నో ఎంబీఏకి నాలుగు సెమిస్టర్లకు కలిపి 60 వేల పైచిలుకు అవుతుంది. పరీక్ష ఫీజులు విడిగా. ప్రైవేటు ఆన్‌లైన్ ఎంబీఏ అంటే లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా, పెద్ద పేరున్న చోట ఇంకా ఎక్కువ. ఈఎంఐ అంటారు కానీ చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీలో మన పేరు మీద తీసే అప్పు. మధ్యలో చదువు మానేసినా కిస్తీ ఆగదు. సంతకం పెట్టే ముందు అది యూనివర్సిటీకే వాయిదాల్లో కట్టే ఫీజా, బయటి అప్పా అని కనుక్కోండి. తమ్ముడు ఈ సంగతి మూడో కిస్తీ కట్టాక గానీ గమనించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రెండింటి మధ్య తేడా ఫీజులో కంటే, చదువు రోజులో ఏ గంటని అడుగుతుందన్న దాంట్లో ఉంది.

నేను 2021లో చేరాను. బీకాం అయిన పదకొండేళ్లకి. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ పంపిణీ చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బాబు అప్పుడు ఒకటో తరగతి. ఇగ్నోలో రోజూ క్లాసు అనేది ఉండదు. పుస్తకాలొస్తాయి, అవే ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగానూ ఉంటాయి. చదువుకుని, అసైన్‌మెంట్లు చేత్తో రాసి ఇవ్వాలి. జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు. అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం. మొత్తం 28 సబ్జెక్టులు. రెండేళ్లలో చేయొచ్చు, నాలుగేళ్ల దాకా గడువుంది. ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకోవచ్చు అని సంతోషంగా చేరాను.

ఆ 'ఎప్పుడైనా' అనే మాటే నా కొంప ముంచింది. ఎప్పుడైనా చదువుకోవచ్చు కాబట్టి ఇప్పుడు బాబు హోంవర్క్ చూడొచ్చు. ఎప్పుడైనా రాసుకోవచ్చు కాబట్టి ఈ ఆదివారం పెళ్లికి వెళ్లొచ్చు. అత్తయ్యగారు గానీ మా ఆయన గానీ నన్ను చదవొద్దని ఒక్కనాడూ అనలేదు. కానీ నేను పుస్తకం ముందు కూర్చుంటే నాకు పని లేనట్టే అందరికీ కనిపించేది. "కాస్త ఆ పాలు చూడమ్మా" అని పిలిచేవాళ్లు. తప్పు వాళ్లది కాదు, క్లాసు ఉందని చెప్పడానికి నా దగ్గర క్లాసే లేదు.

మొదటి సెమిస్టర్‌లో ఏడు సబ్జెక్టులు. అసైన్‌మెంట్లు అన్నీ దగ్గర పెట్టుకుని కూర్చునేసరికి మార్చి ఆఖరు వారం. అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకి మార్చి ఆఖరు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పగలంతా ఆఫీసులో స్టాక్ లెక్కలు, రాత్రి డైనింగ్ టేబుల్ మీద తెల్ల కాగితాలు. ఏడింటిలో నాలుగే ఇవ్వగలిగాను. మిగతా మూడూ తర్వాతి సెషన్‌కి వెళ్లాయి. మూడున్నరేళ్లకి బీజం అక్కడే పడింది.

తర్వాత దారిలో పడ్డాను. అలారం నాలుగుంపావుకి. ఇల్లంతా నిద్రలో ఉండగా వంటగదిలో లైటు వేసుకుని, గట్టు మీదే పుస్తకం పెట్టుకుని, ఆరింటి దాకా. ఆ గంటా ముప్పావు నాదని ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా. క్వాంటిటేటివ్ అనాలిసిస్ అనే సబ్జెక్టుకి రెండుసార్లు పరీక్ష రాశాను. సంభావ్యత, రిగ్రెషన్ లెక్కలు చెప్పేవాళ్లు లేక యూట్యూబ్ పట్టుకుని నేర్చుకున్నాను. సందేహం వస్తే అడగడానికి మనిషి లేకపోవడం దూరవిద్యలో అన్నిటికంటే పెద్ద లోటు. స్టడీ సెంటర్లో ఆదివారం కౌన్సెలింగ్ క్లాసులు అప్పుడప్పుడూ ఉండేవి గానీ నాకు కుదిరినవి తక్కువ.

తమ్ముడి కథ వేరు. వాడికి వారంలో మూడు రోజులు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా లైవ్ క్లాసు. ఎనిమిదయ్యేసరికి గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. మరదలికి తెలుసు, పాపకి తెలుసు, మా అమ్మ ఫోన్ చేసినా "వాడికి క్లాసు టైము, తర్వాత చేస్తాలే" అనేది. సందేహం వస్తే అప్పటికప్పుడు అడిగేవాడు. బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూప్ ఉండేది, ఒకరు వెనకబడితే ఇంకొకరు లాక్కొచ్చేవాళ్లు. చదువు సాగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

కానీ ఆ మూసిన తలుపుకి ఇవతల ఏం జరిగిందో కూడా చెప్పాలి. రాత్రి ఎనిమిదంటే అన్నం వేళ. పాపకి తినిపించడం, హోంవర్క్ చేయించడం, పడుకోబెట్టడం, రెండేళ్ల పాటు మరదలే చూసింది. తనూ ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చేదే. వాడు రెండేళ్లలో ముగించాడని బంధువులు మెచ్చుకుంటారు, మెచ్చుకోదగ్గదే. ఆ రెండేళ్ల సాయంత్రాలు మాత్రం మరదలివి. అందుకే 'లైవ్ క్లాసు మేలు' అని గంపగుత్తగా చెప్పలేను. ఆ గంటన్నరా ఇల్లు చూసేవాళ్లున్నారా లేదా అన్నదాన్ని బట్టే చెప్పగలను. ఉంటే కళ్లు మూసుకుని అటే వెళ్లండి. రికార్డింగ్ ఉంటుంది కదా, తర్వాత చూసుకోవచ్చని చేరితే మాత్రం రెండు లక్షలు కట్టి దూరవిద్య చదివినట్టే. తమ్ముడి బ్యాచ్‌లో అలా రికార్డింగులు పోగేసుకున్నవాళ్లు చివరికి పరీక్ష ముందు వారంలో ఒకటిన్నర స్పీడులో చూసుకునేవాళ్లట.

పరీక్షల దగ్గర మళ్లీ తేడా. వాడిది ఇంట్లోంచే. కెమెరా, మైకు ఆన్‌లో ఉండాలి, గదిలో ఇంకో మనిషి కనిపించకూడదు. ఒకసారి పాప బొమ్మ గీసిన కాగితం పట్టుకుని "నాన్నా చూడు" అంటూ లోపలికొచ్చేసింది. తెర మీద వార్నింగ్ వచ్చింది. వాడికి చెమటలు పట్టాయి, పాప ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతి పరీక్షకీ మరదలు పాపని తీసుకుని పార్కుకి వెళ్లేది. కరెంటు పోతుందేమో, నెట్ పోతుందేమో అని ఇంకో టెన్షన్. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకునేవాడు.

నాది సెంటర్‌కి వెళ్లి, మూడు గంటలు పెన్నుతో రాసే పరీక్ష. అక్కడ కూర్చున్నాక ఎవరూ పిలవరు, అది నిజంగా హాయి. కానీ పరీక్షలు నెల పైగా సాగుతాయి. సెలవు అన్ని రోజులు ఎవరిస్తారు? జీఎస్టీ రిటర్నులు నెలలో 11న ఒకటి, 20న ఒకటి. ఆ తేదీల పక్కన పరీక్ష పడితే మా మేనేజర్ ముఖం చూడలేకపోయేదాన్ని. చివరికి ఒక్కో సెషన్‌లో ఐదు పేపర్లకి మించి పెట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. ఆలస్యమైతే అయింది, ఉద్యోగం నిలబడింది.

నేర్చుకున్నదాని సంగతికొస్తే, నాకు ఇగ్నో పుస్తకాల మీద గౌరవం ఉంది. వాడి పరీక్షలో చాలా ప్రశ్నలు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవి. నావన్నీ పేజీల కొద్దీ రాయాల్సినవి. రాస్తేనే మనకి ఎంత అర్థమైందో తెలుస్తుంది. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావాల్సిన డబ్బు) పాఠం చదివిన వారంలోనే మా కంపెనీ లెక్క వేసి చూశాను. సరుకు గోడౌన్‌లో సగటున 45 రోజులు ఉంటోంది, అమ్మాక డబ్బు రావడానికి 60 రోజులు, మేం సప్లయర్లకి కట్టేది 30 రోజుల్లో. అంటే 75 రోజుల పాటు మా డబ్బు బయటే ఉంటోంది. బ్యాంకులో వాడుకునే అప్పు, ఓవర్‌డ్రాఫ్ట్, ఎందుకు తగ్గడం లేదో పదేళ్లుగా రోజూ ఆ లెడ్జర్లు చూస్తున్న నాకు అప్పుడు అర్థమైంది. మేనేజర్‌కి ఒక కాగితం మీద వేసి చూపిస్తే, బాకీ వసూళ్ల పని నాకే అప్పగించారు. జీతం తర్వాత పెరిగింది, ముందు నా మాట వినడం మొదలైంది.

తమ్ముడికి దొరికింది వేరే లాభం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నుంచి ప్రాజెక్ట్ కోఆర్డినేషన్‌కి మారాడు. వాళ్ల కంపెనీలో ఆ ప్రమోషన్‌కి పీజీ అడుగుతారు, ఎక్కడ చదివావని పెద్దగా పట్టించుకోరు. అలాంటి చోట త్వరగా పూర్తికావడమే ముఖ్యం. ప్రకటనల్లో రాసే ప్లేస్‌మెంట్ సాయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వాడికి అందింది కొన్ని వెబినార్లు, ఒక జాబ్ పోర్టల్ లింకు.

మూడో దారి, సాయంత్రం కాలేజీ. హైదరాబాద్‌లో ఉంటే ఈవినింగ్ ఎంబీఏ అవకాశం ఉంది, ఎదురుగా లెక్చరర్ ఉంటారు, స్నేహాలు కలుస్తాయి. ఆఫీసూ కాలేజీ దగ్గరదగ్గరగా ఉండి, పిల్లలు లేనివాళ్లకి అది మంచిదే. మా ఇద్దరికీ కుదిరేది కాదు.

ఇక మరదలికి నేను చెప్పిన జవాబు. తను ఆస్పత్రి బిల్లింగ్‌లో చేస్తోంది, షిఫ్టులు వారం వారం మారతాయి. ఎనిమిదింటి క్లాసు సగం రోజులు డ్యూటీలోనే పోతుంది. కాబట్టి ఇగ్నోనే, జనవరి సెషన్. మొదటిసారి మూడు నాలుగు పేపర్లే. అసైన్‌మెంట్ రోజుకి రెండు పేజీలు, పుస్తకాలొచ్చిన వారం నుంచే.

తర్వాత ఫోన్ తమ్ముడికి ఇమ్మన్నాను. మరదలికి ఆ వేళలో డ్యూటీ లేని రోజుల్లో, పొద్దున్న ఐదింటి నుంచి ఏడింటి దాకా పాప లేచినా, పాలవాడొచ్చినా, నేనే ఫోన్ చేసినా తనని పిలవకూడదని చెప్పాను. "నీకు రెండేళ్లు తలుపేసింది తనే కదరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "సరే అక్కా, పాప జడలు కూడా నేనే వేస్తాలే" అన్నాడు.