ఇవాళే కట్టేయాలా, మూడు వారాలు అడగాలా, వదిలేయాలా? బెంగళూరులో ఫ్లాటు బేరం తొందరపెడుతుంటే

"ఈ రేటు ఆదివారం దాకే సార్." "ఇంకో పార్టీ సాయంత్రం చెక్కుతో వస్తున్నారు." "ఆషాఢం వచ్చేలోగా అగ్రిమెంటు అయిపోతే మంచిది కదా నాయనా." మారతహళ్ళి, కె.ఆర్.పురం, సర్జాపుర రోడ్డు వైపు ఫ్లాటు చూస్తున్న తెలుగువాళ్ళకు ఈ మూడింట్లో ఒక్కటైనా తగలకుండా ఉండదు. ఆ పూట చేయగలిగినవీ మూడే. అడిగినంత కట్టి ఖాయం చేసుకోవడం, షరతు రాయించుకుని చిన్న టోకెన్‌తో మూడు వారాల గడువు తీసుకోవడం, దండం పెట్టి ఇంకో పదకొండు నెలలు అద్దెకు ఉండటం.

ముందు లెక్క చూద్దాం. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు, ధర 80 లక్షలు అనుకోండి. ఆదివారం దాటితే అడుగుకు వంద పెంచుతామన్నారు. నిజంగానే పెంచినా మీకు పడేది 1.2 లక్షలు. తొందరపడి పది శాతం కట్టి, తర్వాత కాగితాల్లో తేడా కనిపించి వెనక్కి తగ్గితే ఇరుక్కునేది 8 లక్షలు. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉండే "రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వబడదు" అన్న లైను చదివాక ఆదివారం గడువు అంత భయపెట్టదు.

80 లక్షలంటే 80తో పోదు. 75 లక్షల లోపు లోనుకు బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు, అంటే 64 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. దానిమీద సెస్సు, సర్‌చార్జి కలిపి నగరంలో 5.6 అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 కాదు, 2 శాతం. మొత్తం 7.6 శాతం, అంటే 6.08 లక్షలు. సొంతంగా పెట్టాల్సిన 16 లక్షలతో కలిపితే 22 లక్షల పైచిలుకు చేతిలో ఉండాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ ఇంకో 5 శాతం. ఓసీ (కట్టడం పూర్తయింది, నివాసముండొచ్చు అని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చాక అమ్మేదానికి అది లేదు. కప్‌బోర్డులు, మెయింటెనెన్సు డిపాజిట్ ఇంకా లెక్కలోకి రాలేదు.

64 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు ఈఎంఐ దాదాపు 55,500. మొదటి నెల అందులో 45 వేలకు పైగా వడ్డీకే పోతుంది. చేతికొచ్చే జీతం 1.4 లక్షలకు తక్కువైతే, లేదా ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకపోతే, కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఈ ఫ్లాటు మీకు బరువే. ఐటీ ఉద్యోగమైతే మరీను.

ఇవాళే కట్టడం ఎప్పుడు సరి?

చాలా అరుదుగా. ఓసీ చేతిలో ఉండాలి, ఈ-ఖాతా (కార్పొరేషన్ దగ్గరుండే డిజిటల్ ఆస్తి రికార్డు) అమ్మేవారి పేరున ఉండాలి, మీ లోను శాంక్షన్ అయి ఉండాలి, అదే భవనంలో ఇంకో ఫ్లాటు కాగితాలు మీ లాయరు ఈమధ్యే చూసి ఉండాలి. ఇవన్నీ ఉంటే ఆలస్యంతో వచ్చే లాభం పెద్దగా లేదు. "బ్యాంకు అప్రూవ్డ్ ప్రాజెక్టు" అన్న ఒక్క మాట వీటికి సాటిరాదు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు క్షేమం.

"బిల్డరు మన నెల్లూరాయనే" అన్న ధీమా ఇంకా ప్రమాదం. ఊరు ఒకటైనంత మాత్రాన సర్వే నంబరు సరిపోదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా గానీ కట్టేవాటికి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. లోపలి సందుల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. పెద్ద ప్రాజెక్టుల్లోనైతే రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. "20 శాతం కడితే ఈ రేటు" అంటే అక్కడే అర్థం చేసుకోవచ్చు.

మూడు వారాల దారి

ఎక్కువ మందికి మేమిచ్చే సలహా ఇదే. దీని బలం టోకెన్ ఎంత అన్నదానిలో లేదు, రసీదులో ఉంది. లక్ష లోపే ఇవ్వండి, చెక్కుతో గానీ బ్యాంకు బదిలీతో గానీ. ఆస్తి అడ్వాన్సు నగదుగా 20 వేలు, ఆపైన తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రసీదులో ఇలా ఉండాలి: "ఫలానా ఫ్లాటు, ఫలానా సర్వే నంబరు, మొత్తం ధర ఇంత, అడ్వాన్సు ఇంత. కొనేవారి లాయరు టైటిల్‌పై అభ్యంతరం చెప్పినా, ఈ ఆస్తిపై బ్యాంకు లోను నిరాకరించినా అడ్వాన్సు 7 రోజుల్లో పూర్తిగా వాపసు. 21 రోజుల లోపు ఇతరులకు అమ్మరాదు." భార్యాభర్తల పేరున ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ మూడు వాక్యాలకు సంతకం పెట్టనివారు కాగితాలు చూపించడానికీ వెనకాడతారు.

ఆ 21 రోజుల్లో మొదటి పని ఈసీ, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో 2004 ఏప్రిల్ తర్వాతవి దొరుకుతాయి, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఫారం 16 వస్తే ఆ కాలంలో లావాదేవీలు లేవని, ఫారం 15 వస్తే ఉన్నాయని. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే: ఫ్లాటు నంబరు మీద మాత్రమే ఈసీ తీస్తారు. బిల్డరు స్థలాన్ని తాకట్టు పెట్టిన సంగతి ఆ సర్వే నంబరు మీద తీసిన ఈసీలో ఉంటుంది, ఫ్లాటు ఈసీలో కనిపించకపోవచ్చు. రెండూ తీయించండి. తాకట్టు వరుస కనిపిస్తే దానికి జోడుగా విడుదల పత్రం వరుస ఉందా చూడండి. ఇదివరకు ఎవరికో రాసిన అమ్మకం ఒప్పందం ఉంటే రద్దు పత్రం అడగండి.

తర్వాత ఖాతా. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (పాత నగరపాలక సంస్థ) పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ ఫ్లాటు దేని కిందకు వస్తుందో కూడా తెలుసుకోండి. బి-ఖాతా (అనుమతుల్లో లోపమున్న ఆస్తులకు ఇచ్చేది) ఉంటే "త్వరలో ఏ-ఖాతా అయిపోతుంది" అంటారు. అయ్యాకే ఆ ధర ఇస్తామనండి. పెద్ద బ్యాంకులు చాలావరకు బి-ఖాతాపై లోను ఇవ్వవు, రేపు మీరు అమ్మబోయినా ఇదే చిక్కు.

ఓసీ లేకపోతే? ఓసీ లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పిచ్చాక, 2025లో బెంగళూరులో చాలా కొత్త భవనాలకు కరెంటు మీటర్లు ఆగిపోయాయి. జనరేటరు మీద నడుస్తున్న లిఫ్టు కనబడితే బెస్కాం (కరెంటు సంస్థ) బిల్లు చూపించమనండి.

పాత దస్తావేజులు కన్నడంలో ఉంటాయి. లిపి మనదానిలాగే కనిపించినా చేతిరాత పత్రాలు తెలుగు లాయరుతో పనికావు, స్థానిక లాయరే కావాలి. ఫీజు వేలల్లోనే.

ఫ్లాటును రాత్రి తొమ్మిదికి ఒకసారి, గట్టి వాన మర్నాడు ఒకసారి చూడండి. వాచ్‌మన్‌ను "ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి?" అని అడిగితే బ్రోషరులో లేనిది తెలుస్తుంది. రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) ఎంత దూరంలో ఉందో గ్రామ నక్షాలో చూడమని లాయరుకే చెప్పండి.

అమ్మేవారు ఎన్నారై అయితే టీడీఎస్ (కొనేవారు ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అందరికీ కోసినట్టు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. కోయకపోతే ఆ బకాయి కొన్నవారి మెడకే చుట్టుకుంటుంది. ఆడిటరును అడగకుండా అగ్రిమెంటు వద్దు.

వదిలేయడం

స్థలం ఈసీ ఇవ్వకపోతే, జీపీఏ (యజమాని ఇంకొకరికిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతూ అసలు యజమానితో మాట్లాడనివ్వకపోతే, ధరలో కొంత బ్లాకులో అడిగితే, మూడు వారాల గడువుకే ఒప్పుకోకపోతే వదిలేయండి. ఇలాంటి ఫ్లాటుకు అద్దె 30 వేలనుకుంటే ఏడాదికి 3.6 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 5.4 లక్షలు. అద్దె డబ్బు వృథా అనేవారు వడ్డీ గురించి మాట్లాడరు. మీ ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడన్నదే తొందరకు కారణమైతే, అది ఇంకో అద్దె ఇల్లు వెతుక్కోవడానికి కారణం, 64 లక్షల అప్పు చేయడానికి కాదు.

ఇప్పటికే లక్ష యూపీఐలో పంపేసి, రసీదు లేక సతమతమవుతున్నవారు ఆ లక్ష కోసం ముందుకు పోవద్దు. ఇవాళే వాట్సాప్‌లో రాయండి: ఏ తేదీన ఎంత పంపారు, ఏ ఫ్లాటుకు, ఏ కాగితాలు కావాలి, ఎప్పటిలోగా, రాకపోతే వాపసు కోరుతున్నారని. అదే సంగతి ఈమెయిల్‌లో కూడా పంపండి. జవాబు ఇవ్వకపోయినా తేదీతో సహా రికార్డు మిగులుతుంది, లాయరు నోటీసు దాని మీదే లేస్తుంది.