పెళ్లి కేకు: ఫ్రెష్ క్రీమా, ఫాండెంటా?

చెన్నైలోని మన తెలుగు కుటుంబాలు రిసెప్షన్ కేకుకు ఆర్డర్ ఇచ్చేటప్పుడు, రంగు, ఆకారం కంటే ముందు పైపూత ఫ్రెష్ క్రీమా, చక్కెర ముద్దతో చేసే ఫాండెంటా అన్న సంగతి తేల్చుకోవాలి. మే నెలలో 38 డిగ్రీలు దాటే ఎండను, సముద్రపు గాలిలోని తేమను ఆ పూతే తట్టుకోవాలి.

ఖర్చు: క్రీమ్ కేకు చవక. ఫాండెంట్‌కు చేతిపని ఎక్కువ కనుక అదే బరువుకు ధర బాగా పెరుగుతుంది.

వ్యవధి: క్రీమ్ కేకుకు వారం ముందు చెబితే సాధారణంగా చాలు. చక్కెర పువ్వులు చేసి ఆరబెట్టాలి కనుక ఫాండెంట్‌కు నెల ముందే చెప్పడం మంచిది.

ముప్పు: ఇక్కడే ఎక్కువగా ఆలోచించాలి. ఏసీ లేని మండపంలో క్రీమ్ త్వరగా జారుతుంది. మూడంతస్తుల కేకైతే ఒరిగిపోవచ్చు కూడా. ఫాండెంట్ వేడికి కొంత నిలుస్తుంది గానీ, ఫ్రిజ్ నుంచి తీసి తేమగాలిలో పెడితే చెమర్చి జిగటగా మారుతుంది. పైగా కొన్ని రకాల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహార బంధువులు వస్తున్నప్పుడు, గుడ్డు లేదన్న మాటతో సరిపెట్టుకోక, జెలటిన్ గురించి విడిగా అడగడం పిలిచినవారి బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

రుచి: క్రీమ్‌నే అందరూ ఇష్టంగా తింటారు, ఫాండెంట్‌ను చాలామంది ఒలిచి పక్కన పెడతారు.

ఏసీ హాలు ఉండి, తెచ్చిన కాసేపటికే కోసేటట్లయితే క్రీమ్ కేకే తగినది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) తీరపు తోటల్లో సాయంత్రమంతా వేదికపై నిలవాలంటే ఫాండెంట్ నయం. అప్పుడు చిన్న ఫాండెంట్ కేకు వేదికకు, పంచడానికి విడిగా క్రీమ్ కేకు చెప్పుకుంటే ఖర్చూ అదుపులో ఉంటుంది.