దారి లేని గనికి 32,000 రూపాయలు కట్టాను, మీరు కట్టకండి

హనుమకొండలో ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచి తవ్వే) గని డిజైన్ కోర్సులో చేరబోతున్నవారు ఒక్క నిమిషం ఆగండి. ఏ సంస్థో మైనింగ్ విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. నేను నిన్ననే బయటికి వచ్చేశాను. కట్టిన 32,000 రూపాయలు నాన్న పీఎఫ్ మీద తీసిన అప్పు.

సింగరేణి తరహా బొగ్గు పొరలతో, లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ మీద, నేలలోకి వేసిన బోరు వివరాల నుంచి తుది గుంట (తవ్వకం పూర్తయ్యేసరికి గని ఆకారం) దాకా నేర్పిస్తామన్నారు. ఇచ్చింది దొంగ కాపీ, మూడో వారానికే తెరుచుకోవడం మానేసింది. పాఠాలన్నీ ఏదో విదేశీ బంగారు గని నమూనా మీదే. బంగారానికైతే రాతిని దిమ్మెలుగా విడగొట్టి ఒక్కోదానికి గ్రేడు (అందులో బంగారం ఎంతో) కడతారు. మన బొగ్గు పొరలుగా ఏటవాలుగా దిగుతుంది, ఫాల్టులు (రాతి పొరలు విరిగి జరిగిన చోట్లు) దాన్ని తెంచేస్తాయి. పొర పైభాగం, అడుగు గీసుకుంటూ వెళ్లాలి. ఆ పని ఒక్కరోజూ చేయించలేదు. అయినా ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది నిన్నటి మాట. తుది గుంట అంటూ తెర మీద చూపించారు. బెంచీలు (గోడకు మెట్లలా ఉండే అంచెలు) ఉన్నాయి, అడుగు నుంచి పైకి హాల్ రోడ్డు, అంటే డంపర్లు నడిచే దారి మాత్రం లేదు. లేచి, "సార్, డంపర్లు పైకి ఎలా వస్తాయి?" అని అడిగాను.

"అది కంపెనీవాళ్లు చూసుకుంటారు. డంపర్ డ్రైవర్ కొడుకువి కదా, నీకు రోడ్లే కనిపిస్తాయి" అని నవ్వారు. ఇరవై మంది ముందు.

అవును, మా నాన్న భూపాలపల్లిలో డంపర్ నడుపుతారు. వానలో హాల్ రోడ్డు వాలు మీద నిండు బండి ఎలా జారుతుందో ఆయనకు తెలుసు. వాలు 16 మీటర్లకు 1 మీటరు అనుకుంటే, 100 మీటర్ల లోతుకు 1,600 మీటర్ల దారి కావాలి. దానికి చోటివ్వాలంటే గుంట గోడ వెనక్కి జరగాలి, తీయాల్సిన మట్టి పెరుగుతుంది, టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి అన్న లెక్కే మారిపోతుంది. దారి లేకుండా వేసిన ఆ తప్పు లెక్కనే మా చేత ప్రాజెక్టు నివేదికగా రాయించారు.

డబ్బు తిరిగి ఇమ్మంటే రసీదు వెనక్కి తిప్పి చూపించారు. "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు." చేరిన రోజు అది చదవకపోవడం నా తప్పే. ఒక సీనియర్ వద్దన్నా వినలేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు.

చేరేముందు బోరు వివరాలతో మీ కళ్లముందే ఒక పొర గీయమనండి, లైసెన్సు ఎవరి పేరున ఉందో చూపించమనండి. ఈ ఉదయం వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. మా బ్యాచ్‌వారు రసీదులు పారేయకండి, నాకు సందేశం పెట్టండి.