సీలు చూసి నమ్మాను: కచేరీలు, బ్యాలేల డిస్కులు కొనేవారికి హెచ్చరిక

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలను, ఆధునిక బ్యాలేలను డిస్కుల రూపంలో కొనుక్కునే తెలుగువారు ఎక్కువమంది ఉండరు. ఉన్న కొద్దిమందీ ఒక్కొక్క డిస్కు కోసం నెలల తరబడి వెతికి, విదేశాల నుంచి తెప్పించుకునేవారే. మన దేశంలో వృత్తిపరమైన సింఫనీ ఆర్కెస్ట్రా (పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందం) అంటే ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే ముందుగా చెప్పుకోవాలి. హైదరాబాదులో ఉండే నాబోటివారికి ఇవన్నీ తెర మీద చూడవలసినవే. ఆ అవసరాన్ని ఆసరాగా చేసుకుని ఒక అమ్మకందారు నాకు నకిలీ డిస్కులు అంటగట్టాడు. ఆ నష్టం డబ్బుతో ఆగలేదు కనుక జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో, కొత్తవి, దిగుమతి చేసినవి, సీలు విప్పనివి అన్న వర్ణన చదివి, రెండు డిస్కులకు కలిపి 4,600 రూపాయలు చెల్లించాను. మొదటిది జర్మన్ స్వరకర్త బేతోవెన్ రాసిన అయిదవ సింఫనీ ప్రధానంగా ఉన్న ఒక కచేరీ బ్లూరే. రెండవది స్వీడన్ నృత్యకర్త మాట్స్ ఎక్ 1982లో కుల్‌బెర్గ్ బ్యాలే అనే నృత్య సంస్థ కోసం రూపొందించిన 'జిజెల్' డీవీడీ. ప్లాస్టిక్ చుట్టు చెక్కుచెదరలేదు, ముఖచిత్రం ముద్రణ కూడా నిగనిగలాడుతూ ఉంది. కాబట్టి పైపైన చూసి అనుమానించడానికి ఏమీ కనిపించలేదు.

అనుమానం చెవి ద్వారా వచ్చింది. నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతంలో వయొలిన్ సాధన చేసినదాన్ని. ఆ సింఫనీ సి మైనర్‌లో ఉంటుంది, అంటే మన లెక్కలో ఒకటో శ్రుతి ఆధారంగా వినిపించాలి. నాకు వినిపించినది మాత్రం దాదాపు ఒకటిన్నర శ్రుతికి ఎక్కి ఉంది. కచేరీ మొదట్లో ఓబో (ఊది వాయించే ఒక వాద్యం) వాద్యకారుడు అందరికీ శ్రుతి అందించే ఘట్టాన్ని ఫోనులోని ట్యూనర్‌తో కొలిచాను. సాధారణంగా 440 నుంచి 443 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండవలసిన స్వరం 460 దాటి చూపించింది. అట్ట మీద నిడివి 100 నిమిషాలని ఉంటే ప్లేయరు 96 నిమిషాలు చూపించింది. అప్పుడు విషయం అర్థమైంది. సెకనుకు 24 ఫ్రేముల చిత్రాన్ని 25 ఫ్రేముల వేగంతో నడిపితే నిడివి నాలుగు శాతం తగ్గుతుంది, శ్రుతిని విడిగా సరిచేయకపోతే అది దాదాపు ముప్పావు అర్ధస్వరం (అర్ధస్వరమంటే ఒకటో శ్రుతికీ ఒకటిన్నరకూ మధ్య ఉన్న దూరం) మేర పెరుగుతుంది. నకలు తీసినవారు ఆ మార్పు చేసి శ్రుతిని గాలికి వదిలేశారు. ఈ సింఫనీని తొలిసారి వినే పిల్లవాడు అదే దాని అసలు నాదం అనుకుంటాడు. నా కోపంలో సగం అందుకే.

ఇంతకంటే పెద్ద అపచారం నాలుగు భాగాల ఆ సింఫనీలో మూడవ భాగం చివర జరిగింది. బేతోవెన్ అక్కడ సంగీతాన్ని ఆపలేదు. తీగ వాద్యాలు స్వరాన్ని పట్టి ఉంచగా టింపనీ (నగారా వంటి వాద్యం) అతి మెల్లగా, గుండె చప్పుడులా కొట్టుకుంటూ ఉంటుంది, ఆ ఉత్కంఠ పెరిగి పెరిగి విరామం లేకుండా నాలుగవ భాగంలోని సి మేజర్ వెలుగులోకి దూకుతుంది. మూడు భాగాల పాటు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చున్న ట్రాంబోన్ వాద్యకారులు మొదటిసారి ఊదేది ఆ క్షణంలోనే. చిత్రీకరణలో కెమెరా వారి మీదికి వెళ్లడం చూడటానికే నేను ఈ డిస్కు కొన్నాను. నా డిస్కులో సరిగ్గా అక్కడ తెర నల్లబడి, దాదాపు రెండు సెకన్ల నిశ్శబ్దం వచ్చింది. భాగాలను విడివిడి ఫైళ్లుగా కోసి మళ్లీ అతికించారన్న మాట.

'జిజెల్' పరిస్థితి ఇంకా బాధాకరం. ఎక్ రూపకల్పనలో 1841 నాటి మూల బ్యాలేకు అడోల్ఫ్ ఆడమ్ కూర్చిన సంగీతం అలాగే ఉంటుంది కానీ రెండవ అంకం మూలంలోలా అడవిలో కాక మానసిక చికిత్సాలయంలో జరుగుతుంది. కథానాయిక జిజెల్ మునివేళ్ల మీద తేలిపోదు, వట్టి కాళ్లతో నేలకు బరువునిస్తూ ఆడుతుంది. ఈ బ్యాలేకు ప్రాణం పాదానికీ నేలకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. 1987లో టెలివిజన్ కోసం తీసిన చిత్రం కనుక దాని తెర కొలత 4:3. నేటి టీవీ నిండా కనిపించాలని నకలు తీసినవారు పైనా కిందా కోసి దాన్ని 16:9గా మార్చారు. ఆ పని చేస్తే చిత్రం ఎత్తులో నాలుగో వంతు పోతుంది. నర్తకుల పాదాలు చాలా దృశ్యాలలో చీలమండ దగ్గరే తెగిపోయాయి. కూచిపూడి రికార్డింగులో గజ్జెలు కనపడకుండా కోస్తే మనకు ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఆ తర్వాత డిస్కులను పరిశీలించాను. కంపెనీలో అచ్చువేసిన డీవీడీ అడుగుభాగం వెండి రంగులో ఉంటుంది, నాకు వచ్చినది ఊదా ఛాయలో ఉంది. అంటే ఇంట్లో కంప్యూటరుతో రాసుకునే రకం. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న లోపలి వలయంలో అసలు డిస్కులకు సాధారణంగా ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ సంగీత పరిశ్రమ సమాఖ్య పేరు పొడి అక్షరాలు) అన్న అక్షరాలు, వాటి పక్కన ఒక సంకేతం చిన్నగా చెక్కి ఉంటాయి. భూతద్దంతో వెతికినా రెండింటి మీదా అవి లేవు. బ్లూరేను కంప్యూటరులో పెట్టి చూస్తే 25 జీబీ డిస్కులో ఉన్నది 4 జీబీ కూడా కాదు. అట్ట మీద అయిదు దశాంశం ఒకటి చానళ్ల (చుట్టూ వినిపించే) ధ్వని, కుదించని స్టీరియో అని రాసి ఉండగా లోపల ఉన్నది బాగా కుదించిన స్టీరియో ఒక్కటే.

కొనేముందు నేను అడగవలసి ఉండి అడగనివి చెబుతాను. డిస్కు అడుగుభాగం ఫొటో, లోపలి వలయం ఫొటో పంపమనండి, సీలు విప్పనిదని తప్పించుకుంటే ముద్రణ సంస్థ పేరు, కేటలాగ్ సంఖ్య అడిగి ఆ సంస్థ ప్రకటించిన నిడివితో పోల్చుకోండి. 1980లలో వీడియో టేపు మీద తీసిన కచేరీకి హై డెఫినిషన్ అన్న మాట తగిలిస్తే నమ్మకండి, ఆ టేపులో అంత వివరం ఉండదు. 35 ఎంఎం ఫిల్ము మీద తీసినవి వేరు, వాటిని మళ్లీ స్కాన్ చేస్తే నిజంగానే మెరుగుపడతాయి. పాత చిత్రానికి రెండు పక్కలా నల్లని పట్టీలు ఉండటం లోపం కాదు, నిజాయితీకి గుర్తు. ప్రాంతీయ సంకేతం (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేది) కూడా చూసుకోండి, మన దేశానికి డీవీడీలో 5, బ్లూరేలో సి వర్తిస్తాయి. అన్ని ప్రాంతాలకూ చెల్లేవైతే చింత లేదు.

డిస్కులు తిరిగి తీసుకోమంటే, సీలు విప్పిన వస్తువును తీసుకోబోమని అమ్మకందారు రాశాడు. సీలు విప్పకుండా లోపలిది నకిలీ అని తెలుసుకునే మార్గమేమిటో మాత్రం చెప్పలేదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం నకిలీ వస్తువును గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఆ మాటే రాసి, వలయం ఫొటోలు, ట్యూనర్ చూపిన అంకెలు జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. పదకొండు రోజులకు ఆన్‌లైన్ అంగడివారు బ్లూరే డబ్బు తిరిగి ఇచ్చారు. డీవీడీ సంగతి ఇంకా తేలలేదు. పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీసి ఉంటే రెండూ ఒకేసారి తేలేవని నా నమ్మకం, కనుక మీరు తప్పక తీయండి.

నిన్న అదే అంగడిలో మరో దుకాణం పేరుతో అదే బ్యాలే డీవీడీ అమ్మకానికి కనిపించింది. వర్ణనలో అవే వాక్యాలు, ముఖచిత్రం ఫొటోలో కుడి మూల అదే గీత. ధర మాత్రం 300 రూపాయలు తగ్గించారు.