గుడ్డులో దూరే దొంగలు: ఆయిస్టర్‌లో ఒకటి, మస్సెల్‌లో ఒకటి

ఆయిస్టర్, మస్సెల్ రెండూ మనుషులు తినే సముద్రపు చిప్పజీవులు. కొరియా, జపాన్ తీరాల్లో పసిఫిక్ ఆయిస్టర్ గుడ్లలో కాపురం పెట్టేది మార్టీలియోయిడెస్ చుంగ్ముఎన్సిస్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది చేసే పని దాచినా దాగదు. చిప్ప తెరవగానే మెత్తటి కండ మీద పసుపుపచ్చ గడ్డలు, ఎగుడుదిగుడుగా ఉబ్బిన అండాశయం. తింటే మనిషికేం కాదు, కానీ ఆ వాలకం చూశాక ఎవరు కొంటారు? సాగుచేసేవాళ్ల టెన్షన్ అదే. పేరులోని చుంగ్ము అంటే ఇప్పటి తొంగ్యోంగ్, కొరియాలో ఆయిస్టర్ సాగుకు పెట్టింది పేరు.

మస్సెల్ గుడ్లలో ఉండే స్టైన్‌హౌసియా మైటిలోవమ్ తీరే వేరు. ఇది మైక్రోస్పొరిడియా అనే, కణాల లోపలే బతికే సూక్ష్మ పరాన్నజీవుల వర్గానిది. పైకి ఏమీ తెలియదు. కణజాలాన్ని పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితేనే గుడ్డు లోపల చిన్న సంచిలో గుంపుగా దాని బీజాలు (స్పోర్లు) కనిపిస్తాయి. వ్యాపారానికి మాత్రం మొదటిదే గండం.