‘నాలుగు గదులకీ ఒకే యాంటెన్నా’ కిట్ కొనేవాళ్లకి జాగ్రత్త

ఆన్‌లైన్‌లోనూ, ఊళ్లలో ఎలక్ట్రికల్ షాపుల్లోనూ ఒక కిట్ బాగా అమ్ముతున్నారు. అట్టపెట్టెలో పల్చటి నల్ల రేకులాంటి యాంటెన్నా, వేలెడంత బూస్టర్, నాలుగు దారుల స్ప్లిట్టర్, 30 మీటర్ల తెల్ల వైరు, గుప్పెడు పిన్నులు. పెట్టె మీద ‘రీఛార్జి అక్కర్లేదు, నాలుగు గదుల్లో నాలుగు టీవీలు, 4కె బొమ్మ, 300 కిలోమీటర్ల రేంజి’ అని ఉంటుంది. హాల్లో ఒక టీవీ, పెద్దవాళ్ల గదిలో పాత టీవీ, మేడ మీద ఇంకోటి ఉన్న ఇంట్లో ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా దీన్ని బిగిస్తే బొమ్మ రాదు. పీసు పాడైంది కాబోలని మార్చి ఇంకోటి తెప్పించుకున్నా అంతే. అందులోని సామాను మన ఇళ్లకి వచ్చే సిగ్నల్ కోసం చేసింది కాదు.

ముందు ఆ యాంటెన్నా సంగతి. అది నేల మీది టవర్ల నుంచి వచ్చే సిగ్నల్‌ని పడుతుంది. ఒకప్పుడు డాబాల మీద అల్యూమినియం గొట్టాల యాంటెన్నాలు తిప్పుకుని దూరదర్శన్ చూసింది ఆ సిగ్నల్‌తోనే. ఆ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని ప్రసార భారతి విడతలవారీగా తీసేసింది. ముఖ్యమైన చోట్ల ఉంచిన ఓ యాభై తప్ప మిగతావి 2022 మార్చి 31 గడువుగా పెట్టుకుని మూసేసింది. ప్రైవేటు చానెళ్లయితే మన దేశంలో టవర్ల మీద ఎప్పుడూ రాలేదు. కిటికీకి అతికించినా, పిట్టగోడకి కట్టినా, ఆ రేకు పట్టుకోవడానికి గాలిలో మన తెలుగు చానెళ్లు లేవు. ఇక 4కె అన్న మాట యాంటెన్నాకి వర్తించదు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో పంపేవాళ్లూ, టీవీ లోపలి ట్యూనరూ తేలుస్తారు. 300 కిలోమీటర్ల రేంజి కూడా కల్ల. ఈ తరంగాలు దాదాపు చూపు దారిలోనే పోతాయి. భూమి వంపు అడ్డొస్తుంది కాబట్టి ఎత్తైన టవరు అయినా నూరు కిలోమీటర్ల చిల్లర దాటాక అందడం కష్టం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ల దగ్గర ఇలాంటి రేకే పనిచేస్తుంటే చూసి, అక్కణ్ణుంచి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ స్థానిక చానెళ్లు ఇప్పటికీ టవర్ల మీద ఉచితంగా వస్తాయి, అందుకే పనిచేస్తుంది. అక్కడా తెలుగు చానెళ్లు అందులో రావు.

మన దగ్గర నెలవారీ డబ్బు కట్టకుండా చూడాలంటే దారి గొడుగే, అంటే డాబా మీది డిష్. దూరదర్శన్ వాళ్లు ఉపగ్రహం మీంచి ఉచితంగా ఇచ్చే డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరు నుంచి ఉంది, యాదగిరి, సప్తగిరి రెండూ అందులో వస్తాయి. కిట్‌తో అసలైన ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. యాంటెన్నా పనిచేయలేదని పక్కన పడేసి, డబ్బు వృథా కాకూడదని మిగతా స్ప్లిట్టర్, వైరు, బూస్టర్ తీసుకెళ్లి గొడుక్కి తగిలిస్తారు. దాంతో బాగున్న డిష్ కూడా చెడుతుంది.

స్ప్లిట్టర్‌ని చేతిలోకి తీసుకుని దాని రేకు మీద చెక్కిన అంకెలు చూడండి. 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంటే అది కేబుల్ టీవీ సరుకు. డిష్ చేతి చివర సిగ్నల్ పట్టే ముక్కని ఎల్ఎన్‌బీ అంటారు. దాన్నుంచి కిందికి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంటే ఈ స్ప్లిట్టర్ ఆగిపోయే చోట మనది మొదలవుతుంది. పైగా ఎల్ఎన్‌బీకి కరెంటు ఇచ్చేది సెట్‌టాప్ బాక్సే, అదే వైరు గుండా. కేబుల్ టీవీ స్ప్లిట్టర్లు చాలావాటిలో ఆ కరెంటుకి దారి ఉండదు. ఎల్ఎన్‌బీ చచ్చిన చేపలా పడి ఉంటుంది, తెర మీద ‘నో సిగ్నల్’ కనబడుతుంది.

సరైన 5–2400 స్ప్లిట్టరే తెచ్చినా కథ ముగియదు. చాలావాటిలో కరెంటు ఒక్క దారి గుండానే పోతుంది, దాని మీద ఎర్ర గీతో, ‘పవర్ పాస్’ అనో ఉంటుంది. ఆ దారి హాల్లో బాక్సుకి వెళ్తే, హాల్లో స్విచ్ ఆపగానే మిగతా మూడు గదుల్లోనూ బొమ్మ పోతుంది. అన్ని దారుల్లోనూ కరెంటు పోయే రకం అయితే ఇంకో తంటా. బాక్సు 13 వోల్టులు పంపితే ఎల్ఎన్‌బీ నిలువు తరంగాలని, 18 పంపితే అడ్డ తరంగాలని పడుతుంది.  ఒక గదిలో 13 వోల్టులు కావాల్సిన చానెల్, ఇంకో గదిలో 18 కావాల్సిన చానెల్ పెడితే వైరులో గెలిచేది 18. మొదటి గదిలో బొమ్మ గడ్డకడుతుంది. ‘వదిన సీరియల్ పెట్టినప్పుడల్లా మా గదిలో న్యూస్ ఆగిపోతోంది’ అనే ఫిర్యాదుకి కారణం ఇదే. బాక్సు మార్చినా, డిష్ తిప్పినా అది పోదు.

ఇక వైరు. కొనేముందు ఒక అంగుళం తొక్క వలిచి నడిమి తీగని చూడండి, ఎర్రగా మెరుస్తుంది. దానికి అయస్కాంతం తగిలించండి, స్పీకరు వెనకదైనా చాలు. అంటుకుందంటే లోపల స్టీలు, పైన రాగి పూత. ఇందులో ఒక మెలిక ఉంది, షాపువాళ్లు దీన్నే వాడుకుంటారు: ఇంత పై ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ తీగ పైపొర మీదే పోతుంది, పూత సరిగ్గా ఉంటే సిగ్నల్ వరకు పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది కరెంటు దగ్గర. స్టీలు తీగ నిరోధం అసలు రాగి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. పది పన్నెండు మీటర్లకి పరవాలేదు, కానీ మూడో అంతస్తు నుంచి దించి, మధ్యలో రెండు అతుకులు వేసి, మెలితిప్పి పెట్టే పిన్నులు వాడితే, 18తో బయల్దేరిన వోల్టేజి 15 దగ్గరకి జారొచ్చు. అక్కడ ఎల్ఎన్‌బీ అటా ఇటా తేల్చుకోలేక కొన్ని చానెళ్లు మాత్రం ఎగరగొడుతుంది. ఆ పిన్నుల దగ్గర పూత గీసుకుపోయిన చోట ఒక్క వానకాలంలో తుప్పు పడుతుంది. తీగ చివర నల్లగానో, బూజు పచ్చగానో కనపడితే అంతవరకు కోసెయ్యండి, గీకి మళ్లీ పెట్టొద్దు.

కిట్‌లో వైరు అల్లిక కూడా పల్చన. రేకు చుట్టు మీద జాలీలా ఉండే అల్యూమినియం పోగులు వేళ్లతో లెక్కపెట్టేటన్ని ఉంటే, పక్కనున్న ఫోను టవరు గోలంతా లోపలికి దూరుతుంది. తెల్ల తొడుగు డాబా మీద ఎండకి రెండు మూడేళ్లలో పగులుతుంది, బయటికి నల్ల తొడుగున్న ఆర్‌జీ6 రకం డిష్ వైరు తీసుకోండి.

బూస్టర్ గురించి అందరూ పొరబడేది ఒకటి చెప్పాలి. బాక్సు మెనూలో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. బూస్టర్ పెడితే స్ట్రెంగ్త్ గీత పెరుగుతుంది, దాన్ని చూపించి అమ్ముతారు. బొమ్మ నిలబడేది క్వాలిటీతో. గోలగా ఉన్న హాల్లో మైకు సౌండు పెంచితే గోల కూడా పెరిగినట్టే, బూస్టర్ సిగ్నల్‌తో పాటు రొదనీ పెంచుతుంది, తన రొద కొంత కలుపుతుంది కూడా. వైరు నిజంగా 40, 50 మీటర్లు ఉంటేనే, 950–2150 అని రాసి ఉన్న లైన్ ఆంప్లిఫయర్‌ని డిష్ వైపు చివర పెడితే ఉపయోగం. టీవీ వెనక పెడితే దండగ.

మరి నాలుగు గదులకీ ఏం చేయాలి? ఒకే డిష్ చాలు. దాని ఒంటి ఎల్ఎన్‌బీ తీసేసి, నాలుగు సాకెట్ల క్వాడ్ ఎల్ఎన్‌బీ పెట్టండి. రెండు టీవీలే అయితే ట్విన్ సరిపోతుంది. ప్రతి సాకెట్ నుంచి ప్రతి గదికీ విడిగా ఒక వైరు, మధ్యలో అతుకు లేకుండా. స్ప్లిట్టరూ వద్దు, బూస్టరూ వద్దు. డబ్బు కట్టే డీటీహెచ్ అయితే వాళ్లది ఏ రకం ఎల్ఎన్‌బీయో అడిగాకే కొనండి. గదికో బాక్సు తప్పదు. టీవీ స్పెసిఫికేషన్‌లో డిష్ సిగ్నల్‌ని నేరుగా పట్టే డీవీబీ-ఎస్2 ట్యూనర్ అని ఉంటే మాత్రం ఫ్రీ డిష్‌కి బాక్సు లేకుండా నేరుగా వైరు పెట్టుకోవచ్చు. హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్ పెట్టి ఒకే బాక్సు నుంచి అన్ని గదులకీ ఇస్తామన్నా నమ్మకండి. బొమ్మ వస్తుంది గానీ అందరూ చూడాల్సింది ఒకే చానెల్.

క్వాడ్ ఆర్డర్ చేసినప్పుడు పెట్టె విప్పగానే సాకెట్ల పక్కన అక్షరాలు చూడండి. నాలుగు సాకెట్లకీ ఏ గుర్తులూ లేకపోయినా, ఊరికే 1, 2, 3, 4 అని ఉన్నా క్వాడ్. వీఎల్, వీహెచ్, హెచ్ఎల్, హెచ్‌హెచ్ అని ఉంటే అది క్వాట్రో. చూడ్డానికి అచ్చం ఒకలాగే ఉంటాయి. క్వాట్రో ఒక్కో సాకెట్ ఒక్కో పావు వంతు చానెళ్లే ఇస్తుంది, ఆ నాలుగింటినీ కలిపి ప్రతి గదికీ పంచే మల్టీస్విచ్ అనే పెట్టె లేకుండా దానికి పనిలేదు. ఒకటి అడిగితే ఇంకోటి పంపడం ఈ సరుకులో మామూలైపోయింది. ఏదైనా గదిలో సగానికి పైగా చానెళ్లు మొదటి రోజు నుంచే లేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పాత ఎల్ఎన్‌బీ విప్పేముందు అది ఏ కోణంలో వంగి ఉందో మార్కర్‌తో డిష్ చేతి మీద గీత పెట్టుకోండి, కొత్తది అదే వంపులో బిగించండి. డిష్ కదిలిపోతే: ఫ్రీ డిష్ ఉండే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. హైదరాబాద్ నుంచి దిక్సూచిలో సుమారు 138 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. విశాఖ నుంచి 149 దాకా, కాస్త దక్షిణానికి. ఎత్తు హైదరాబాద్‌లో 63 డిగ్రీలు. ఎల్ఎన్‌బీ మధ్యలో కాక కిందివైపుకి ఉండే ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి పళ్లెం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, అది తప్పనుకుని వంచెయ్యకండి. ఆ దిక్కున మామిడో కొబ్బరో అడ్డుంటే డిష్ చోటే మార్చాలి.

ఇప్పటికే కిట్ బిగించి బాధపడుతున్నవాళ్లు ఇలా తేల్చుకోండి. బాక్సునీ చిన్న టీవీనీ డాబా మీదికి తీసుకెళ్లి, మూడు మీటర్ల మంచి వైరుతో ఎల్ఎన్‌బీకి నేరుగా పెట్టి క్వాలిటీ అంకె రాసుకోండి. తర్వాత కింద గదిలో పొడవు వైరుతో, ఆ తర్వాత స్ప్లిట్టర్ కలిపి. ఎక్కడ అంకె పడిపోయిందో అక్కడుంది లోపం. డాబా మీదే తక్కువుంటే వైర్లు మార్చి లాభం లేదు, డిష్ సరిచేయాలి.

వాపసు గడువు ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఫొటోలు, పెట్టె మీది ‘300 కిలోమీటర్లు, నాలుగు టీవీలు’ రాతల ఫొటో జతచేసి ‘ప్రకటనలో చెప్పినట్టు లేదు’ అన్న కారణంతోనే పెట్టండి, ‘నచ్చలేదు’ అని కాదు. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అన్నారంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. వైరు చివర్లు కోసి పిన్నులు వేశాక ‘వాడేశారు’ అని మెలిక పెడతారు, కాబట్టి కోయకముందే స్ప్లిట్టర్ మీది అంకెలు చూసుకోండి.